తాటిచెట్టు కింద కూర్చున్నవాళ్లు

మా వాడి స్కూలు డైరీలో పోయిన నెల ఎర్ర సిరాతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. ఏడో తరగతి డైరీలో మామూలుగా ఏమేమి వస్తాయో నాకు కంఠతా వచ్చు. హోంవర్కు చేయలేదు, షూ పాలిష్ లేదు, ఫీజుకు ఫలానా రోజు ఆఖరు. ఈసారి అవేవీ కావు. 'ఎ మ్యాన్ ఈజ్ నోన్ బై ద కంపెనీ హి కీప్స్' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, తల్లిదండ్రులు సంతకం చేసి పంపాలన్నారు. ఎవరితో తిరుగుతున్నాడో, ఏం చేశాడో ఒక్క ముక్క లేదు. స్నేహితులను చూస్తే మనిషి తెలిసిపోతాడన్న ఆ సామెతను చిన్నప్పుడు మేమూ కాపీ పుస్తకంలో నాలుగు గీతల మధ్య ఇరికించి రాసినవాళ్లమే. అక్షరం గీత దాటిందా లేదా అని చూశారే తప్ప, అందులో ఉన్న మాట నిజమా అని అప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

పన్నెండేళ్లవాడు 'మ్యాన్' ఎప్పుడయ్యాడని మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాణ్ణి పిలిచి, ఎవరితో తిరుగుతున్నావురా అని అడిగాను.

"ఎవరితోనూ తిరగడం లేదమ్మా. కూర్చుంటున్నాను."

జూన్‌లో బడి తెరిచిన రోజున రోల్ నంబర్ల వరసలో బెంచీలు పంచారట. వీడి పేరూ పక్కవాడి పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. అందుకని ఒకే బెంచీ. నాలుగు నెలలుగా ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ నోట్సు రాసుకుంటున్నారు. పక్కవాడు క్లాసులో మాట్లాడతాడు, లెక్కల పరీక్షలో సున్నాకు దగ్గరగా తిరుగుతుంటాడు, ఒకసారి కిటికీ అద్దం పగలగొట్టాడు. ఇంతే మాకు తెలిసింది. బెంచీ పంచింది బడి. ఆ బెంచీ మీద కూర్చున్నందుకు ఎర్ర సిరా మా వాడికి.

ఆ రోజు నుంచి ఆ సామెత నన్ను వదలలేదు. వంటింట్లోనూ వదలలేదు, ఆఫీసులోనూ వదలలేదు. ఆలోచించిన కొద్దీ దాని మీద కోపం పెరిగింది. మధ్యలో కొన్నిచోట్ల నా మీద కూడా.

గాడిదను పరీక్షించిన పెద్దమనిషి

ఈ సామెతను నీతిగా చెప్పే ఈసప్ కథ ఒకటుంది. ఒకాయన గాడిదను కొనబోతూ, ముందు కొన్నాళ్లు నా దగ్గర ఉంచుకుని చూస్తానని ఇంటికి తోలుకువెళ్తాడు. తన గాడిదలున్న కొట్టంలో వదులుతాడు. కొత్త గాడిద తిన్నగా వెళ్లి, మందలో అందరికన్నా సోమరిదీ, అందరికన్నా ఎక్కువ తినేదీ అయిన గాడిద పక్కన నిలబడుతుంది. ఆయన వెంటనే దానికి తాడు వేసి తిరిగి అప్పగిస్తాడు. ఇంత తొందరగా పరీక్ష ఎలా అయిందని అమ్మేవాడు అడిగితే, అది ఎంచుకున్న స్నేహాన్ని చూశాను, ఇక చూడవలసింది ఏముంది అంటాడు.

చిన్నప్పుడు ఆ పెద్దమనిషి తెలివికి ముచ్చటపడ్డాను. ఇప్పుడు చదివితే, ఆయన ఆ గాడిద చేత ఒక్క మూట కూడా మోయించలేదన్న సంగతి కనిపిస్తోంది. అందరికన్నా ఎక్కువ తినే గాడిద ఎక్కడ నిలబడుతుంది? మేత ఉన్నచోట. కొత్తది వెళ్లింది గాడిద కోసమో గడ్డి కోసమో ఆయనకు ఎలా తెలుసు?

అయినా కథలోని గాడిదకు ఒక సౌకర్యం ఉంది. కొట్టంలో రకరకాల గాడిదలున్నాయి, ఎవరి పక్కనైనా నిలబడవచ్చు, మెడకు తాడు లేదు. ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడు ఎంపికను బట్టి ఎంతో కొంత ఊహించవచ్చని ఒప్పుకుంటాను. మనలో ఎందరికి అలా విప్పి వదిలిన కొట్టం దొరుకుతుంది? పక్కింటివాళ్లు, బెంచీలో పక్కవాడు, ఆఫీసులో పక్క కుర్చీ, హాస్టల్ గదిలో రెండో మంచం, వీటిలో మనం ఏరుకున్నవి ఎన్ని?

ఈ విషయం మీద నాకు బాగా నచ్చిన పరిశోధన ఒకటి 1974లో అచ్చయింది. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో పోలీసు శిక్షణకు వచ్చినవాళ్లకు ఇంటిపేరులోని అక్షరాల వరసలో గదులూ కుర్చీలూ ఇచ్చారు. మేడీ సీగల్ అనే సామాజిక శాస్త్రవేత్త వాళ్లను మీ స్నేహితులెవరని అడిగింది. అక్షరమాలలో దగ్గర ఉన్నవాళ్లే స్నేహితులయ్యారు. మా వాడి బెంచీ కథ అచ్చంగా ఇదే. వాడి 'కంపెనీ'ని ఎంచింది వాడి గుణం కాదు, మా మామగారు పట్టుబట్టి పెట్టించిన పేరు.

కంపెనీ అన్న మాట పుట్టుక కూడా ఇక్కడ చెప్పుకోవాలి. లాటిన్‌లో రొట్టెను కలిసి తినేవాళ్లన్న అర్థంలోంచి వచ్చింది. మన కంచం పొత్తు లాంటిదన్నమాట. ఆ లెక్కన మనకూ కొత్త కాదు. పక్కన కూర్చుని తినడానికి పనికిరాడన్నవాణ్ణి పంక్తిబాహ్యుడన్నాం. రొట్టె పంచుకునే మాటే వ్యాపార సంఘానికి పేరై, ఓడెక్కి వచ్చి మన ముత్తాతల నోట కుంఫిణీ అయింది. ఇప్పుడు సాయంత్రం పూట మగవాళ్లు 'కంపెనీ ఇవ్వడానికి' వెళ్తున్నామంటే ఇళ్లల్లో ఆడవాళ్లకు అర్థమయ్యేది ఒకటే. రొట్టె ఎప్పుడో మాయమైంది.

పాలా, కల్లా

మనకూ ఇలాంటి సామెతలున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కుప్పలుగా ఉన్నాయి. 'ఆరు నెలలు సహవాసం చేస్తే వారు వీరవుతారు' అన్నాం. పువ్వులతో చేరిన నారకు తావి అబ్బుతుందన్నాం. నీటిబొట్టు కాలిన ఇనుము మీద పడితే ఆనవాలు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపుచిప్పలో పడితే ముత్యమే అవుతుంది అని భర్తృహరి చెప్పిన పద్యాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగులో మనమంతా బడిలో అప్పజెప్పాం.

అయితే వీటిని ఒక్కసారి నెమ్మదిగా చదవండి. ఇవి సహవాసం చేసేవాడితో మాట్లాడుతున్నాయి. నాయనా, ఎవరి పక్కన కూర్చుంటావో చూసుకో, ఆ వాసన నీకు అంటుతుంది అంటున్నాయి. ఇది సలహా. ఇంగ్లీషు సామెత మాట్లాడేది పక్కన నిలబడి చూసేవాడితో. అతని స్నేహితులను చూడు, అతను ఎలాంటివాడో తేల్చెయ్యి అంటోంది. ఇది తీర్పు. సలహా పిల్లవాడి చెవిలో చెబుతారు. తీర్పును డైరీలో రాసి పెద్దవాళ్ల సంతకం అడుగుతారు.

ఇక్కడ నన్ను నేనే ఆపుకోవాలి. తెలుగువాళ్లం సలహాలు మాత్రమే ఇస్తాం, తీర్పులు చెప్పం అంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. 'ఒకే గూటి పక్షులు', 'అదే తానులో ముక్క' అని మనం అనేవి తీర్పులే. పక్షుల సామెత ఇంగ్లీషులోనూ ఉంది. దాన్ని 1545లో అచ్చులోకి ఎక్కించిన విలియం టర్నర్ నిజంగానే పక్షుల పండితుడు. అంతకు ముందు ఏడాదే పక్షుల మీద లాటిన్‌లో పుస్తకం వేశాడు. ఒకే జాతి, ఒకే రంగు పక్షులు కలిసే ఎగురుతాయన్న మాటను మాత్రం ఆయన వాడింది మతవివాదంలో ఎదుటిపక్షాన్ని తిట్టే పుస్తకంలో. పక్షులను అంత బాగా ఎరిగినవాడికి కూడా ఆ పోలిక మనుషులను తిట్టడానికే పనికొచ్చింది. మన పొలాల్లో తెల్లకొంగ గేదె వెంట నడుస్తుంది. అన్యోన్యంగా ఉండే దంపతులను మనం చిలకాగోరింకలంటాం. ఆ రెండూ ఒక జాతి కావన్న సంగతి ఏ పెళ్లిలోనూ ఎవరికీ గుర్తు రాదు.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది తాటిచెట్టు సామెత. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లు అనే అంటారు. ఇందులోని నిజాయితీ చూడండి. తాగింది పాలు అని సామెతే ఒప్పుకుంటోంది. తప్పు చూసేవాడిదని కూడా ఒప్పుకుంటోంది, ఎందుకంటే 'అంటారు' అంది గాని 'అవుతుంది' అనలేదు. ఇంగ్లీషు సామెతలో ఆ పాలగ్లాసుకు చోటు లేదు. చెట్టు కనబడితే చాలు, లోటాలోకి తొంగిచూసే పని లేదు.

అలాగని తాటిచెట్టు సామెతను నెత్తిన పెట్టుకోలేను. నా చిన్నప్పుడు అమ్మ దాన్ని వాడిందంటే అర్థం ఒకటే, నోరు మూసుకుని ఇంటికి రా. పాలు తాగుతున్నావని నాకు తెలుసమ్మా, కానీ ఊరి నోరు మూయించలేం. సామెత అన్యాయాన్ని గుర్తిస్తుంది, గుర్తించి దానికే తలవంచమంటుంది. ఆడపిల్లల విషయంలో ఈ తలవంచడం ఎంత దూరం పోతుందో నేను వివరించనక్కర్లేదు.

ఒక 'గానీ', ఒక వాటా

మా పెదనాన్న తన కూతురికి సంబంధం చూస్తూ అబ్బాయి ఊరికి చెప్పకుండా వెళ్లారు. ఇది అందరూ చేసే పనే. బస్టాండు దగ్గర కిళ్లీ కొట్టులో సోడా తాగుతూ ఫలానావారి అబ్బాయి ఎలాంటివాడని కదిపారు. కొట్టతను తమలపాకు తుడుస్తూ, "అబ్బాయి మంచివాడేనండీ, ఆ నలుగురితో ఉంటాడు గానీ" అన్నాడట. ఆ 'గానీ' దగ్గర సంబంధం ఆగిపోయింది. ఆ నలుగురు ఎవరు, ఏం చేస్తారు, వీడు వాళ్లతో కలిసి ఏం చేశాడు, ఏదీ పెదనాన్న అడగలేదు. సోడాకు డబ్బులిచ్చి వచ్చేశారు. అక్కకు వేరేచోట పెళ్లయింది, బాగానే ఉంది. ఆ అబ్బాయి తాగేవాడో, పేకాడేవాడో, ఏమీ లేనివాడో ఈనాటికీ మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెదనాన్నను ఆడిపోసుకునే అర్హత నాకుందా అంటే అనుమానమే. రెండేళ్ల కిందట మా పై వాటా ఖాళీ అయినప్పుడు ఇద్దరు కుర్రాళ్లు చూడడానికి వచ్చారు. చెప్పులు మెట్ల కిందే విడిచి, అద్దెకు బేరం కూడా ఆడలేదు. నేను అడిగిన మొదటి ప్రశ్న, స్నేహితులు ఎక్కువగా వస్తుంటారా అని. వాళ్లలో పెద్దవాడు అబద్ధం చెప్పలేదు. "మా ఊరివాళ్లు వస్తుంటారండీ, ఉద్యోగాల కోసం. నాలుగు రోజులుండి వెళ్తారు" అన్నాడు. చూసి చెబుతాం బాబూ అన్నాను. వాటా ఒక కుటుంబానికి ఇచ్చాం. మా ఆయన ఈ నగరానికి వచ్చిన కొత్తలో, ఉద్యోగం దొరికేదాకా ఆరు నెలలు ఇలాంటి ఒక గదిలోనే, ఎవరో ఊరివాడి చాప మీదే పడుకున్నారు. ఆ సంగతి నాకు ఆ రోజు గుర్తుకు రాలేదు. డైరీలో ఎర్ర సిరా చూశాక వచ్చింది.

సముద్రపు ఒడ్డున

సహవాసాన్ని బట్టి మనిషిని తేల్చవచ్చా అన్న చర్చ మనకు ఏనాడో జరిగిపోయింది, అదీ వాల్మీకి రామాయణం యుద్ధకాండలో. విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలో నిలబడి శరణు అంటాడు. కింద సభ. సుగ్రీవుడు వద్దంటాడు. ఆపదలో సొంత అన్ననే వదిలి వచ్చినవాడు రేపు ఎవరిని వదలడు అన్నది అతని వాదం. (ఈ మాట అంటున్నవాడు వాలి తమ్ముడు. వాల్మీకి నవ్వుకుంటూ రాశాడేమో.) అంగదుడు గుణదోషాలు చూసుకుందామంటాడు, శరభుడు గూఢచారిని పంపమంటాడు, రాకూడని వేళ రాకూడని చోటికి వచ్చాడని జాంబవంతుడు శంకిస్తాడు. అతని ముఖంలోనూ మాటలోనూ చెడు కనబడలేదన్నవాడు హనుమంతుడు ఒక్కడే. అతను కూడా విభీషణుణ్ణి మహాత్ముణ్ణి చేయలేదు. వాలి పోయి సుగ్రీవుడు రాజైన సంగతి విని, తానూ రాజ్యం కోరే వచ్చి ఉంటాడని విప్పి చెప్పాడు. చివరకు రాముడు, స్నేహభావంతో వచ్చినవాణ్ణి దోషమున్నా వదలనంటాడు.

ఇంతవరకు చదివితే చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది. అదే కాండలో యుద్ధం ముగిశాక, అదే రాముడు సీత ఎదురుగా నిలబడి, పరుల ఇంట్లో ఉన్న స్త్రీని ఏ కులీనుడు తిరిగి స్వీకరిస్తాడని అడుగుతాడు. విభీషణుడు రావణుడి కొలువులో కూర్చున్నాడు, కలిసి తిన్నాడు. సీతను మోసుకొచ్చి అక్కడ పడేశారు. కూర్చున్నవాడికి అభయం, పడేసిన మనిషికి అగ్నిప్రవేశం. మనకు విభీషణుడి మీద కూడా జాలి ఉండదు, పార్టీ మారినవాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తాం. అయినా అతనికి లంక దక్కింది.

నా కోపానికి కారణం ఇక్కడ నాకే అర్థమైంది. ఈ సామెత చెప్పే తీర్పు ఎంచుకోగలిగినవాళ్ల మీద మెత్తగా, ఎంచుకోలేనివాళ్ల మీద గట్టిగా పడుతుంది. తెల్లదొరలు ఈ తర్కాన్ని ఏకంగా చట్టం చేశారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, ఫలానా కులంలో పుడితే చాలు అనుమానితుడన్నారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా వెలసిందే. ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో ఒకచోట ఉంచారు. అటువంటి సెటిల్‌మెంట్లలో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి ఉండాలి. ముందు అందరినీ ఒకచోట కట్టిపడేసి, తరువాత ఎవరితో ఉన్నారో చూశారా అన్నారు. దేశమంతటా ఆ చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి ముఖం మారడం ఏ చట్టంతో పోతుంది?

భయం ఉత్తది కాదు

ఇంత చెప్పినా, రాత్రిపూట నిద్ర పట్టనప్పుడు నేను టీచరు పక్షానే ఉంటాను. స్నేహం మనిషిని మార్చదని అనడానికి నాకు ధైర్యం లేదు. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. పసుపు దీపం పడ్డాక ఎంతసేపు ముందుకు పోతారన్నది పరీక్ష. ఒంటరిగా ఉన్నప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకూ పెద్దవాళ్లకూ పెద్దగా తేడా లేదు. స్నేహితులు చూస్తున్నప్పుడు పెద్దవాళ్లు మారలేదు, పిల్లలు మాత్రం తెగించారు. మా వాడికి ఏడాదిలో పదమూడు వస్తాయి. వీధి చివర కుర్రాళ్లు ముగ్గురేసి బైకు మీద పోతుంటే నా గుండె ఆగినంత పని అవుతుంది.

కానీ ఆ పరీక్షలో కూడా ఒక కొంటెతనం ఉంది. చూస్తున్న స్నేహితులు చెడ్డవాళ్లేమీ కారు. వాళ్లూ అదే ఆట ఆడడానికి వచ్చిన అదే వయసు పిల్లలు. ఎవడూ ఎవణ్ణీ చెడగొట్టలేదు, అందరూ కలిసి ఉండడమే పని చేసింది. చెడు సావాసమంటే మనం ఎప్పుడూ వేలు చూపించడానికి ఒకణ్ణి వెతుకుతాం. వేలు చూపించేది పక్కింటి పిల్లవాడి వైపే.

ఎంచుకునే స్తోమత ఉన్నవాళ్ల విషయంలో ఈ సామెతను నేనూ వాడతాను, మొహమాటం లేకుండా. అధికారంలో ఉన్న మనిషి పక్కన ఎవరో కేసుల్లో ఉన్నవాడు పదేపదే ఫొటోల్లో కనబడితే, 'వందమంది వచ్చి ఫొటో దిగుతారు, అందరూ నాకు తెలుసా' అన్న జవాబుతో నేను సరిపెట్టుకోను. ఆయనకు కొట్టం తెరిచే ఉంది. మెడకు తాడు లేదు. మేత మాత్రం ఉంది. ఆ పెద్దమనిషిని గాడిద కథతో తూచినా నాకు అభ్యంతరం లేదు.

రెండు డైరీలు

సంతకం పెట్టడానికి ముందు ఒకసారి మాట్లాడదామని శనివారం బడికి వెళ్లాను. వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. నా పక్కన ఒకావిడ, ఒళ్లో హెల్మెట్, దాని మీద డైరీ. పని మధ్యలో వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. ఏ క్లాసు అంటే ఏ క్లాసు అనుకున్నాం. ఆవిడ కాస్త సందేహించి, "ఏమీ అనుకోకండి, మీ బాబు ఎవరి పక్కన కూర్చుంటాడు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత డైరీ తెరిచి చూపించింది.

అదే వాక్యం. అదే ఎర్ర సిరా. అవే రెండు గీతలు.

వాళ్ల వాడికి చెడు సావాసం మా వాడే. పక్కవాడితో మాట్లాడుతూ పాఠం వినడం లేదని ఆవిడకు ఫోను కూడా వచ్చిందట. నాకు ఫోను రాలేదు. మార్కులున్న పిల్లవాడి తల్లికి డైరీతో సరిపెట్టారేమో. "మీవాడు మంచివాడనే మావాడు చెబుతాడండీ. లెక్కలు చూపిస్తాడట. దానికే మాటలొస్తున్నాయి" అంది. అద్దం సంగతి నేను ఎత్తలేదు. ఆవిడే ఎత్తింది. "ఆ బంతి ఎవరు విసిరారో మీవాడు చెప్పాడా?" అంది.

చెప్పలేదు.

ఆరు నెలల్లో వారు వీరవుతారంటుంది సామెత. ఎవరు ఎవరవుతారో చెప్పదు. నాలుగు నెలలుగా నేను ఒక వైపు నుంచే లెక్కపెడుతున్నాను.

లోపల టీచరు మర్యాదగానే మాట్లాడారు. ఒక్కో సెక్షన్‌లో యాభైమంది అన్నారు, అది నిజమే. విడివిడిగా రాయడానికి సమయం ఉండదు, ఇద్దరు మాట్లాడుకుంటే ఇద్దరికీ ఒకటే రాస్తాను అన్నారు. సోమవారం నుంచి బెంచీలు మారుస్తామన్నారు. ఆ సామెత వెనక నేను ఇన్ని రోజులు ఇన్ని అర్థాలు వెతికితే, ఆవిడ ఉద్దేశం 'క్లాసులో మాట్లాడొద్దు' అని మాత్రమే. ఆ మాటే రాసి ఉంటే నేను ఆ రాత్రే నవ్వుతూ సంతకం పెట్టేదాన్ని.

బెంచీలు మారాయి. మా వాడు ఇప్పుడు మూడో వరసలో, మొదటి ర్యాంకు పిల్లవాడి పక్కన. వాడు మాట్లాడడట, నోట్సు కూడా చేతితో కప్పుకుని రాసుకుంటాడట. ఆ ర్యాంకు పిల్లవాడి అమ్మకు ఈ మార్పు సంగతి తెలిసిందో లేదో నాకు తెలియదు. ఇంటికి వచ్చే స్కూలు ఆటో మాత్రం మారలేదు. సాయంత్రం నాలుగున్నరకు గేటు దగ్గర నిలబడితే, డ్రైవరు పక్కనున్న చారెడు సీటు మీద మా వాడూ పాత పక్కవాడూ సగం సగం కూర్చుని, ఒకడి బ్యాగు ఒకడి ఒళ్లో పెట్టుకుని వస్తుంటారు. నిన్న మా వాడు దిగుతూ, అద్దం పగలగొట్టింది నేనే అమ్మా అన్నాడు. వెయ్యి రూపాయలు ఆ పాత పక్కవాడి అమ్మ కట్టిందట. కవరులో డబ్బు పెట్టి, మీద ఏం రాయాలో తెలియక ఉత్త కవరే ఇచ్చి పంపాను.